తెర ముందు నల్ల చొక్కా

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. ఇన్నేళ్లయినా, టీవీలో ఎవడైనా బౌల్డ్ అయితే చాలు, లేచి టీవీ కట్టేస్తాను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

ఖాదర్, నేను బేతంచెర్లలో ఒకే వీధిలో పెరిగాం. బండల పాలిష్ పని దిగి, ఒంటి మీద ఆ తెల్ల దుమ్ముతోనే క్రికెట్ ఆడేవాళ్లం. జిల్లా జట్టు కోసం ఇద్దరం వెళితే వాణ్ణి తీసుకున్నారు, నన్ను వద్దన్నారు. పోనీలే అన్నాను. ఎంత మంచి స్నేహితుడో అని వీధంతా నన్ను మెచ్చుకుంది.

కడపలో మ్యాచ్. రాష్ట్ర జట్టుకు ఎంపిక చేసేవాళ్లు వచ్చి కూర్చున్నారు. వాడి సంచి మోసుకుంటూ నేనూ వెళ్లాను. చూసేవాళ్లు పట్టుమని ఇరవైమంది లేరు. ఖాదర్ కొడుతుంటే ఆ కొద్దిమందీ లేచి నిలబడ్డారు. నేనూ చప్పట్లు కొట్టాను, అందరికంటే గట్టిగా. మరి లోపల ఎందుకంత మండింది? వాడు ఓడిపోవాలని కోరుకున్నానా? అప్పుడడిగి ఉంటే లేదని ఒట్టేసేవాణ్ణి.

బౌలర్ వెనకవైపు, బౌండరీ అవతల, తెల్లటి తెర ఉంటుంది. బంతి బ్యాట్స్‌మన్ కంటికి ఆనాలని. దాని ముందు ఎవరూ కదలకూడదు. ఆడినవాణ్ణి, నాకు తెలియక కాదు. బౌలర్ పరుగెత్తుకొస్తుంటే లేచాను. సరిగ్గా అతను చెయ్యి తిప్పేవేళకు, ఆ తెర ముందు నుంచి, టీకి పోతున్నవాడిలా నడిచాను. వికెట్లు పడిన చప్పుడు వినబడింది. తిరిగి చూడలేదు.

అక్కడితో ఆగి ఉంటే పొరపాటని నన్ను నేను నమ్మించుకునేవాణ్ణేమో. గోడ చాటుకు వెళ్లి, వాడి సంచిలోంచి వాడి తెల్ల టీషర్టే తీసి, నా నల్ల చొక్కా మీద తొడుక్కున్నాను.

సాయంత్రం బస్టాండులో అడిగాడు.

"ఎవడో నల్ల చొక్కావోడు తెరకు అడ్డం పోయినాడప్పా. చూసినావా?"

"లేదప్పా. టీ తాగను పోయింటి."

"నా టీషర్టు ఏసుకున్నావేమి?"

"ఎండ శానా ఉండె."

"ఉంచుకో. నీకే బాగుండాది," అన్నాడు.

పొద్దున బస్సులో నా పక్కనే కూర్చున్నాడు కదా. నా చొక్కా రంగు వాడికి గుర్తు లేదా? ఉండీ అడగలేదా? ఇన్నేళ్లుగా ఇదే నన్ను తింటోంది.

వాణ్ణి తీసుకోలేదు. ఆ బంతి లేకపోయినా తీసుకునేవాళ్లు కాదేమో అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఖాదర్ ఇంకా బండల పనిలోనే ఉన్నాడు. దుమ్ముకు దగ్గుతుంటాడు. క్రికెట్ మాటొస్తే ఆ నల్ల చొక్కావాణ్ణి తలుచుకుంటాడు. తిట్టడు. వాడికేం తెలుసులే పాపం, అంటాడు.

ఇప్పుడు వాడి కూతురు జిల్లా జట్టులో ఆడుతోంది. రేపు కడపలో మ్యాచ్. వాడికి సెలవు దొరకలేదు. నిన్న మా ఇంటికి వచ్చాడు.

"పాపకు తోడు నువ్వు పోప్పా. ఆ తెర కాడనే కూచో. ఎవుర్నీ అడ్డం పోనియ్యొద్దు."

నిజం నోటిదాకా వచ్చింది. బయటికొచ్చింది మాత్రం సరే అన్న మాటే.

పొద్దున ఆ పిల్ల సంచి మోసుకుంటూ బస్సెక్కుతాను. తెర పక్కన కదలకుండా కూర్చుంటాను. దానితో ఇది తీరదని తెలుసు. వాడితో ఎప్పటికైనా చెప్పగలనో లేదో తెలియదు. మీకైతే చెప్పేశాను. ఆ నడిచింది నేనే. కావాలనే నడిచాను.