అన్న తెప్పించుకున్న గిటార్ కీలు

హెప్సిబా డ్యూటీ పొద్దున ఆరున్నరకే మొదలవుతుంది. కొత్తపేటలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో, పరగడుపున వచ్చేవాళ్లకు రక్తం తీయడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. నరం ఒక పట్టాన దొరకని ముసలివాళ్లు ఆమె ఉందో లేదో కనుక్కుని మరీ వస్తారు. నలభై ఏడేళ్లొచ్చినా పెళ్లి కాలేదు. అన్న మోహన్‌కూ కాలేదు. తల్లి మంచం పట్టిన ఏళ్లలో ఆ ముచ్చట వాయిదా పడుతూ వచ్చింది, ఆమె పోయాక ఎత్తేవాళ్లే లేకపోయారు. ఎల్బీనగర్ అవతల మన్సూరాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. అందులో అన్నాచెల్లెళ్లు పద్దెనిమిదేళ్లు కలిసి ఉన్నారు.

మోహన్ అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒక గోదాములో స్టోర్ కీపర్. ఆదివారం వస్తే చర్చిలో గిటార్ వాయించేవాడు. హెప్సిబా పక్కన నిలబడి పాడేది. ఇంట్లో తీరికున్నప్పుడు ఆమెకూ నేర్పాడు. రెండేళ్ల కిందట ఆగస్టులో, డ్యూటీకి పోతూ బస్టాపులో కూలబడ్డాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

నలభై రోజులు దాటాక పాస్టరుగారు కబురు పెట్టారు. "గిటార్ జాగా ఖాలీగ ఉందమ్మా. నీకొచ్చు గదా" అన్నారు. ఆ ఆదివారం నుంచి అన్న గిటారును ఆమె భుజాన వేసుకుంది. వాయిస్తూ పాడటం చేతకాక పాట మానేసింది.

ఈ ఏడాది గిటార్ మాట వినడం మానేసింది. శ్రుతి చేసి పెట్టిన తీగ రెండు పాటలు తిరగకుండానే దిగిపోయేది. గుడ్ ఫ్రైడే రోజు నడిపాటలో నాలుగో తీగ జారి అపస్వరం పలికింది. కీబోర్డు వాయించే విజయ్ కుమార్ ఆమె వైపు చూడకుండానే చెయ్యి చాపి గిటార్ సౌండు తగ్గించాడు. తరువాత మూడు ఆదివారాలు అది అంతే ఉండిపోయింది. తను వాయించేది ఎవరికీ వినపడటం లేదని ఆమెకు తెలుసు. అయినా వాయించింది.

గిటార్ కవరు జేబులో ఒక పాత చీటీ మీద దిల్‌సుఖ్‌నగర్ షాపు అడ్రసు ఉంది. మోహన్ రిపేర్లకు అటే పోయేవాడని ఆమెకు తెలుసు గానీ తనెప్పుడూ పోలేదు. ఒక శనివారం డ్యూటీ దిగి, ఇంటికి పోయి గిటార్ తీసుకుని మెట్రో ఎక్కింది. కోచింగ్ సెంటర్ల వెనక సందులో, జిరాక్స్ షాపు పైన మొదటి అంతస్తు. కిటికీ పక్కన బల్ల ముందు అరవై దాటిన మనిషి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని కూర్చున్నాడు. ఆయన పేరు పట్టాభి. భీమవరం నుంచి ముప్పై ఏళ్ల కిందట ఆర్కెస్ట్రాలో వాయించడానికి వచ్చి, వాయిద్యాలు బాగుచేసే పనిలో ఆగిపోయాడు.

"ఎంత తిప్పినా నిలబడ్తలేదు సార్" అంది హెప్సిబా.

ఆయన గిటార్ తల వెనక్కి తిప్పి చూశాడు. తీగల్ని బిగించే ఆరు కీల వెనక పళ్ల చక్రాలు బయటికే కనపడుతున్నాయి. వాటి సందుల్లో దుమ్ము నల్లగా పేరుకుపోయింది.

"పళ్లు అరిగిపోయాయమ్మా. దీనికి నూనె చుక్క పడి ఎన్నాళ్లయింది?"

"మా అన్న ఏసేటోడు. నాకు యాది లేకుండె."

"సరే, మార్చేద్దాం. రెండు రకాలున్నాయి. ఇప్పుడున్నట్టు వెనక తెరిచి ఉండేవి ఓపెన్. తేలిగ్గా ఉంటాయి, కానీ తుడుచుకోవాలి, అప్పుడప్పుడు నూనె వెయ్యాలి. రెండోది సీల్డ్. చక్రం డబ్బీలో మూసి ఉంటుంది, లోపలే గ్రీజు ఉంటుంది. దుమ్ము పోదు, నూనె పని లేదు. కాకపోతే బరువు."

"సీల్డే పెట్టుండ్రి సార్. నూనెలు గినెలు నాతోని కాదు."

పట్టాభి గిటార్‌ను వెలుతురులోకి పట్టుకుని, మూడో కీ పక్కన సన్నగా కనపడుతున్న అతుకు మీద వేలితో రాశాడు. అక్కడే ఆగిపోయాడు.

"ఇది మోహన్ గారి గిటార్ కదమ్మా. ఈ అతుకు వేసింది నేనే. మీరు చెల్లెలా? ఆయన ఎలా ఉన్నారు?"

హెప్సిబా చెప్పింది. రెండు వాక్యాల్లో అయిపోయింది. పట్టాభి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. తరువాత లేచి, సొరుగులో వెతికి ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మీద నీలం పెన్నుతో "మోహన్, ఎల్బీనగర్" అని రాసి ఉంది. లోపల ఆరు సీల్డ్ కీలు తళతళలాడుతున్నాయి.

"ఆయన తెప్పించమన్నారు. వచ్చాయని ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఊరెళ్లారేమో, వస్తారులే అనుకున్నాను."

"గివెందుకు తెప్పించుకున్నడు? నూనె ఏసుడంటే ఆయనకు ఇష్టమే ఉండె గదా."

పట్టాభి చెప్పాలా వద్దా అన్నట్టు ఆమెను చూశాడు. "వేళ్లు మొద్దుబారాయమ్మా ఆయనకి. షుగరు వల్లట. తిప్పేది ఎంత తిప్పుతున్నారో తెలిసేది కాదు, తీగలు తెంపేసుకునేవారు. వీటికి పళ్లు ఎక్కువ. ఎంత తిప్పినా కొంచెమే బిగుస్తుంది. మొద్దు వేళ్లకి ఇవైతే మేలు."

ఆ ఆఖరు ఏడాది ఇంట్లో తెగిన తీగలు ఆమెకు గుర్తొచ్చాయి. కంపెనీ మంచిది కాదని మోహన్ తిట్టుకునేవాడు. మూడు నెలలకోసారి షుగరు టెస్టుకు ఆయన రక్తం తీసింది తనే. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, పిడికిలి బిగించమని చెప్పి, వదలమని చెప్పింది. వేళ్ల సంగతి అడగాలని ఒక్కసారి కూడా తోచలేదు.

"నాకెందుకు చెప్పలే?"

"నేనూ అడిగానమ్మా, ఇంట్లో చెప్పారా అని. 'మా చెల్లె పొద్దున లేస్తే రోగుల చేతులే పట్టుకుంటది, ఇంటికొచ్చినంక నా చెయ్యి గూడ ఎందుకు' అన్నారు."

కింద జిరాక్స్ మిషను ఆగకుండా కాగితాలు కక్కుతోంది. హెప్సిబా పెట్టెలోంచి ఒక కీ తీసి తిప్పింది. మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగింది.

"ఇవే పెట్టుండ్రి" అంది.

"పెడతాను. కానీ ఒక మాట వినండి. వీటికి కన్నాలు పెద్దవి చెయ్యాలి. అతుకు పక్కనే కన్నం ఉంది, మళ్లీ పగిలితే నేను హామీ ఇవ్వలేను. ఆయనకీ ఇదే చెప్పాను. ఇంకోటి, మీరు నిలబడి వాయిస్తారా?"

"నిలబడే."

పట్టాభి ఆరు కీలనూ ఒక గుడ్డలో మూటగట్టి, గిటార్ తలకు దారంతో కట్టాడు. పట్టీ ఆమె భుజాన వేసి, ఎడమ చెయ్యి వదిలెయ్యమన్నాడు. వదలగానే గిటార్ మెడ బరువుకు కిందికి వాలింది. చేత్తో ఎత్తిపట్టి రెండు నిమిషాలు వాయించేసరికి మణికట్టు లాగింది. మోహన్ ఆరడుగుల మనిషి, పైగా కుర్చీలో కూర్చుని వాయించేవాడు. ఆమె ఆయన భుజం దాకా కూడా రాదు.

ఆమె పట్టీ తీసి గిటార్ బల్ల మీద పెట్టింది. అన్నవి కాబట్టి పెట్టించుకోవాలనే ఉంది. అన్న ఇక వాయించడని కూడా తెలుసు.

"ఓపెన్‌వే ఎయ్యండి సార్. నూనె నేనే ఏసుకుంట. గివి మీ దగ్గర్నే పెట్టుకోండ్రి. వేళ్లు పనిచెయ్యనోళ్లు ఎవరన్న ఒస్తే ఇయ్యుండ్రి."

"మీరొకసారి ఆలోచించుకుని చెప్పండమ్మా."

"ఆలోచించిన సార్."

ఆయన పని చేస్తున్నంతసేపూ ఆమె పక్కనే స్టూలు మీద కూర్చుంది. అన్న ఇక్కడికొచ్చి ఏం మాట్లాడేవాడని అడిగింది. పెద్దగా ఏమీ లేదన్నాడు పట్టాభి. గోదాములో లెక్క తప్పిన సిమెంటు బస్తాల గురించి, హయత్‌నగర్‌లో దొరికే బత్తాయిల గురించి మాట్లాడేవాడట. ఎక్కువసేపు ఊరికే కూర్చునేవాడట. ఆ చివరి ఏడాది శనివారాలు మోహన్ ఆలస్యంగా వచ్చేవాడు. గోదాములో పని ఎక్కువైందనుకుని ఆమె అన్నం మూతపెట్టి పడుకునేది. వచ్చి కూర్చున్నది ఇక్కడని ఇప్పుడు అర్థమైంది. కొత్త కీలు బిగించాక పట్టాభి తీగలు ఎక్కించి, ఒకసారి మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని ఆమెకిచ్చాడు.

మర్నాడు చర్చిలో ఐదు పాటలు. ఐదో పాట దాకా ఏ తీగా దిగలేదు. రెండో పాట మధ్యలో విజయ్ కుమార్ తల తిప్పి చూశాడు. మూడో పాట ముందు ఆమె గిటార్ సౌండు పెంచాడు. బయట చెప్పులేసుకుంటుంటే సారమ్మ అనే పెద్దావిడ వందనాలు చెప్పి, మోకాళ్ల నొప్పులకు ఏ టెస్టు చేయించుకోవాలని అడిగింది. హెప్సిబా ఓపిగ్గా చెప్పింది.

ఇంటికొచ్చి గిటార్ గోడకు ఆనించి, ఫ్యాను కింద కూర్చుంది. ఈ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్‌లో పేర్లు పైనుంచి కిందిదాకా జరిపింది. సెంటర్‌లో వాళ్లు, పాలవాడు, ఇంటి ఓనరు. చివరికి పట్టాభికి చేసింది.

"సార్, నిలబడ్డది."

"ఏదమ్మా?"

"శ్రుతి. అయిదు పాటలు."

"నిలబడుతుంది. కొత్త తీగలు కదా, ఇంకో వారం కొంచెం సాగుతాయి, కంగారు పడకండి" అన్నాడాయన. తరువాత "భోజనం చేశారా?" అని అడిగాడు.

"తిన్న సార్" అంది హెప్సిబా.

ఫోన్ పెట్టేసి, వంటగదిలోకి పోయి, గ్లాసుతో బియ్యం కొలిచి కడగడం మొదలుపెట్టింది.