దెయ్యాలకు గట్టిమేళం

రామచంద్రపురం చినబాబు డోలు చెవిన పడనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. విన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఇదేం మాట అంటారా, చెబుతాను. పెళ్ళిలో తాళి కట్టే వేళకి పురోహితుడు చూపుడువేలు పైకెత్తి ఆడిస్తాడు. అంతే, సన్నాయీ డోలూ ఒక్కసారిగా విరుచుకుపడాలి. దాన్నే గట్టిమేళం అంటారు. ఆ క్షణంలో ఎవడైనా తుమ్మినా, ఏ ముసలమ్మో పాత పగ గుర్తొచ్చి శాపనార్థం పెట్టినా వధూవరుల చెవిన పడకూడదు, అందుకే ఆ హోరు. అంటే చినబాబు ప్రాణం పెట్టి వాయించేది, ఎవరూ ఏదీ వినకుండా ఉండటానికి. ఆ కాసేపూ పెద్దలు అక్షింతలు విసురుతుంటారు, కుర్రాళ్ళు పెళ్ళికూతురి చెల్లెళ్ళను చూస్తుంటారు, వీడియో తీసేవాడు అందరి కాళ్ళూ తొక్కుతుంటాడు. ఇక డోలు వినే తీరిక ఎవడికుంది, నా మొహం!

అతని తండ్రిదీ డోలే, తాతదీ డోలే. తండ్రి పోయాక పాపాయిగారి మేళంలో చేరాడు. పాపాయిగారు సన్నాయి. ఆయన సన్నాయి లేకపోతే పెళ్ళే జరగలేదనుకునే ఇళ్ళు ఆ సీమలో చాలా ఉన్నాయి. కుర్రాడి చెయ్యి చూసి ముచ్చటపడి, కూతురు బేబిని ఇచ్చి పెళ్ళి చేశాడు. ఆ పెళ్ళికి డోలు వాయించినవాడు బొత్తిగా చేతకానివాడని చినబాబు ఇప్పటికీ తిట్టుకుంటాడు.

పాపాయిగారి మడి అంతా ఇంతా కాదు. మేళం మనిషి చావింటి గుమ్మం తొక్కకూడదు. దారిలో శవం ఎదురైతే డోలు మీద తువ్వాలు కప్పాలి. భోజనాల దగ్గర పోయినవాళ్ళ ఊసెత్తకూడదు. "మనది శుభం పలికే వాయిద్యంరా. దీని చెవిన అశుభం పడకూడదు," అనేవాడు. డోలుకు చెవులెక్కడివి మావయ్యా అని అడిగే ధైర్యం అల్లుడికి లేదు.

అటువంటి మామకు తెలియని సంగతి ఒకటుంది. తెల్లవారుజాము ముహూర్తాలు ముగించుకుని, టిఫిను చేసి, పట్టు కండువాతో, నుదుటి మీద పెళ్ళివారి కుంకుమతో చినబాబు నేరుగా సినిమాహాలుకు పోయేవాడు, ఇంగ్లీషు సినిమా ఉదయం ఆటకి. ఏ సినిమా పడితే అది కాదు, దెయ్యాల సినిమాయే కావాలి. అందులోనూ పాతవి, నలుపూ తెలుపూవి. పెట్టెలో పడుకుని చీకటి పడ్డాక లేచే దొర, గుడ్డపీలికలు చుట్టుకుని నడిచొచ్చే రాజుగారి శవం, పున్నమి వస్తే తోడేలైపోయే పెద్దమనిషి, అందరూ అతనికి మేనమామల్లా చనువైపోయారు. డోలును పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని చూసేవాడు. ఒక్క ముక్క భాష అర్థమయ్యేది కాదు. అతనికి కావలసింది భాష కాదు. దెయ్యం వచ్చే ముందు వెనక వాయిద్యం మొదలవుతుంది చూడండి, అప్పుడు హాల్లో బీడీ తాగేవాడు కూడా పొగ వదలడం మరిచిపోయి వింటాడు. దెయ్యం రాకకున్న గౌరవం పెళ్ళికూతురి రాకకు లేకపోయెనే అని చినబాబుకు మహా కడుపుమంటగా ఉండేది.

ఇలా ఉండగా, క్యాసెట్ల రోజులు ఇంకా పూర్తిగా పోని కాలంలో, ఊళ్ళో ఒక పెళ్ళికి రాజమండ్రి నుంచి సూర్యతేజ అనే కుర్రాడు వచ్చాడు. ఇంజినీరింగు చదువు, భుజాల దాకా జుట్టు, ముహూర్తానికి నల్లచొక్కా. ఆ చొక్కా చూసి ఆడంగులంతా అతని తల్లి పెంపకం మీద పడ్డారు. గట్టిమేళం అయ్యాక అందరూ భోజనాలకు పరిగెడితే, అతనొక్కడూ చినబాబు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మేం మెటల్ పాటలు కడతామండి, చినబాబు గారూ, అదేనండి, గిటార్లూ డ్రమ్ములూ హోరెత్తించే అరుపుల పాటలు. ఒక క్యాసెట్ చేస్తున్నాం, పేరు 'ఆఖరి ఆట'. మొత్తం ఒకటే కథండి. మూతపడ్డ సినిమాహాలు. లోపల ఒక్కడే ప్రేక్షకుడు. పాత హారర్ సినిమాల్లో ఉంటాయి కదా, ఆ దెయ్యాలు పాటకొకటి చొప్పున తెర మీంచి దిగొస్తాయి. మా డ్రమ్ములు వాయించేవాడు ఉద్యోగం పేరు చెప్పి హైదరాబాద్ పారిపోయాడండి."

"తోడేలు పెద్దమనిషి ఉన్నాడా అండి అందులో?" అన్నాడు చినబాబు.

కుర్రాడు నోరు వెళ్ళబెట్టాడు. "ఉన్నాడండి. మీకెలా తెలుసు?"

"మరి ఆఖర్ని ఆ ప్రేక్షకుడు ఏమవుతాడండి?"

"అదింకా అనుకోలేదండి. మీరొస్తే అనుకుందాం."

చినబాబుకు ఆశ పుట్టింది. భయమూ పుట్టింది. మావయ్యకు తెలిస్తే మేళంలోంచి తీసేస్తాడు. పాపాయిగారు తీసేసిన డోలును మరో మేళం ముట్టుకోదు. ఇంట్లో చెబితే బేబి ఎగాదిగా చూసింది. "పెళ్ళివాళ్ళు ఎలాగూ వినరు. దెయ్యాలైనా వింటాయేమో వెళ్ళిరండి. మా నాన్నకి నేను చెప్పన్లే," అంది. ఆవిడ తండ్రి పోలిక కాదు, అదృష్టం.

రాజమండ్రిలో ఆ రికార్డింగు గదిలో పొద్దున భజనపాటలు, మధ్యాహ్నం చర్చి పాటలు, మిగిలిన వేళ ఎరువుల ప్రకటనలు. యంత్రాల దగ్గర కూర్చునేది కిరణ్ కుమార్, చర్చిలో పాటలు పాడే మర్యాదస్తుడు. పాడే కుర్రాడు గొంతులో కంకర పోసుకుని పుక్కిలించినట్టు అరుస్తుంటే, పాపం అతను గాజుపలక అవతల లోలోపల ప్రార్థన చేసుకుంటున్నాడు. చినబాబు మటుకు బుద్ధిగా, పరాయింటికొచ్చిన అల్లుడిలా, చెప్పినంతే వాయిస్తున్నాడు.

తోడేలు పాట సగంలో ఉండగా సూర్యతేజ గిటారు తీగ తెగింది. కిరణ్ కుమార్ 'ఒక్క నిమిషం ఆగండి' అన్నట్టు అద్దం వెనకనుంచి చూపుడువేలు పైకెత్తి ఆడించాడు.

చూపుడువేలు! పుట్టిన దగ్గర్నుంచీ ఆ వేలికి చినబాబుకు తెలిసిన అర్థం ఒకటే. చేతులు బుర్రను అడగలేదు. గట్టిమేళం అందుకున్నాడు. కిరణ్ కుమార్ కంగారుపడి వేలు ఇంకా ఆడించాడు. పురోహితుడు ఇంకా ఆడిస్తే ఏమిటి, ఇంకా గట్టిగా అని. ఒక చేత్తో పుల్ల, ఒక చేత్తో వేళ్ళు, గదిలో గోడలకు కొట్టిన గోనెలు అదురుతున్నాయి. కిరణ్ కుమార్ రెండు చేతులూ ఊపితే చినబాబు ఇక పెళ్ళికొడుకు మూడో ముడి వేస్తున్నాడనుకున్నాడు.

అప్పుడు తల ఎత్తి చూశాడు. కుర్రాళ్ళంతా వాయిద్యాలు వదిలేసి కదలకుండా నిలబడి ఉన్నారు. కిరణ్ కుమార్ వేలు దించేసి, అద్దానికి ముక్కు ఆనించి వింటున్నాడు. అక్షింతలు లేవు, వంటలు లేవు, చూడటానికి పెళ్ళికూతురు లేదు. తననే వింటున్నారు. ఆ సంగతి తెలిసి చినబాబుకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆపాలనిపించలేదు, ఆపలేదు.

దాన్ని అలాగే ఉంచేశారు. ఆ కథలో ప్రేక్షకుడు కుర్చీలోంచి లేచి, తెర మీదికెక్కి దెయ్యాలన్నిటినీ తరిమేసేది అక్కడేనని సూర్యతేజ తేల్చాడు.

వచ్చేటప్పుడు చినబాబు సూర్యతేజ చేతులు పట్టుకుని చెప్పాడు, "నా పేరు మాత్రం వెయ్యొద్దండి బాబూ." అక్కడే కొంప మునిగింది. గోదావరి జిల్లాల్లో వద్దంటే వద్దని ఎవడు నమ్ముతాడండి? విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలండి, చాలండి" అంటే ఇంకో రెండు బూరెలు వెయ్యమని అర్థం. సూర్యతేజ మర్యాద తెలిసిన ఇంటి పిల్లాడు. పాపం పెద్దాయన మొహమాటపడుతున్నాడనుకున్నాడు. పేరుతో ఊరుకోలేదు, ఆ పెళ్ళిలో తీసిన ఫొటో కూడా వేయించాడు. క్యాసెట్ అట్ట మీద పుర్రెలు, గబ్బిలాలు, వాటి నడుమ నుదుట కుంకుమతో, పట్టు కండువాతో నవ్వుతూ మన చినబాబు. కింద 'డోలు విద్వాన్ శ్రీ చినబాబు గారు, రామచంద్రపురం'.

క్యాసెట్ ఎంతమంది కొన్నారో కానీ అట్ట మాత్రం డెల్టా అంతా తిరిగింది. మొదట కబురు పెట్టింది హైమవతిగారు. వాళ్ళమ్మాయి ఉమాశ్రీ పెళ్ళికి పాపాయిగారి మేళం ఎప్పుడో మాట్లాడుకున్నారు. దెయ్యాలకి వాయించిన చెయ్యి మా పందిట్లోకి రావడానికి వీల్లేదు, మరొకణ్ణి పెట్టుకురండి అని ఆవిడ కబురు. పాపాయిగారు అల్లుణ్ణి పిలిపించాడు. చినబాబు డోలు కూడా తీసుకెళ్ళాడు, అక్కడే అప్పగించి రావలసి వస్తుందని.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పాపాయిగారు వాలుకుర్చీలో ఉన్నాడు, ఒళ్ళో ఆ అట్ట.

"నలభై ఏళ్ళ పేరు గోదాట్లో కలిపావు కదరా," అన్నాడు. "సరే, తిట్టే ముందు వినాలి కదా. పెట్టవే అమ్మా."

బేబి టేప్‌రికార్డర్‌ నొక్కింది. పాపాయిగారు మొహం చిట్లించుకుని విన్నాడు. "వీడికి గొంతులో పుండేమన్నా ఉందా?" అని ఒకసారి అడిగాడు. తోడేలు పాట వచ్చింది. తీగ తెగింది. గట్టిమేళం మొదలైంది.

ఆయన వాలుకుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అయిపోయాక, "మళ్ళీ పెట్టు," అన్నాడు. మళ్ళీ విన్నాడు. తర్వాత అట్ట ఒళ్ళోంచి తీసి కింద పెట్టాడు.

"ఇన్నేళ్ళు నా పక్కన కూర్చుని వాయించావు. ఇలా ఎప్పుడూ వాయించలేదేం?"

చినబాబు తలవంచుకునే చెప్పాడు. "అక్కడా ఇదే వాయిస్తానండి మావయ్యా. ప్రతి పెళ్ళికీ ఇదేనండి."

పాపాయిగారు తువ్వాలు తీసి భుజాన వేసుకుని హైమవతిగారింటికి నడిచి వెళ్ళాడు. మా అల్లుడు లేకపోతే సన్నాయి కూడా లేదమ్మా అని చెప్పి, కూర్చోమంటున్నా వినకుండా వచ్చేశాడు. పెళ్ళిళ్ళ రోజులు, వేరే మేళం ఏదీ ఖాళీ లేదు. ఆవిడ పళ్ళు నూరుకుంటూ ఒప్పుకుంది.

ఉమాశ్రీ పెళ్ళినాడు పందిట్లో సగం జనం పెళ్ళికొడుకును మానేసి చినబాబును చూశారు, నుదుట కొమ్ములేమన్నా వచ్చాయేమోనని. ముహూర్తం అయింది. పురోహితుడు వేలెత్తి ఆడించాడు. చినబాబు అందుకున్నాడు. పక్కనుంచి రావలసిన సన్నాయి రాలేదు. పాపాయిగారు సన్నాయిని పెదవుల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, అల్లుడి వైపు తిరిగి కూర్చున్నాడు.

హైమవతిగారు జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "తాళి కడుతుంటే సన్నాయి ఆపేశారేంటండీ?"

"కాసేపు ఆగండమ్మా," అన్నాడు పాపాయిగారు, ఆవిడకేసి చూడకుండానే. "వింటున్నాను."

చినబాబుకు ఆ మాట వినబడింది. కళ్ళ నీళ్ళు బుగ్గల మీంచి డోలు మీదికి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.