ఎడారిలో వినబడిన కాలువ

దయ్యాలనూ భూతాలనూ మా ఇంట్లో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. మా నాన్న తుంగభద్ర కాలువ మీద లస్కర్, అంటే కాలువకు కావలివాడు. ముప్పై ఏళ్లు ఏ వేళంటే ఆ వేళ ఒంటరిగా గట్టు మీద తిరిగిన మనిషి. "పాములు చూసినా, తేళ్లు చూసినా. దయ్యం మాత్రం ఒక్కటీ ఎదురు రాలేదప్పా" అనేవాడు. నేనూ ఆ మాట మీదే పెరిగాను. ఇప్పుడు నాకు డెబ్బై ఆరేళ్లు. ఈ సంగతి ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. నాకు జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మా ఇల్లు కంప్లికి నాలుగు మైళ్ల దూరంలో, కాలువ డ్రాప్ పక్కనే ఉండేది. డ్రాప్ అంటే కాలువ నీళ్లు రాతికట్టు మీంచి కిందికి దూకే చోటు. పగలూ రాత్రీ ఒకటే హోరు. అక్కడి ఇనుప తలుపుల్లో ఒకదానికి బోల్టు వదులై, నీటి తోపుకు కొట్టుకునేది. వరసగా మూడు దెబ్బలు, కాసేపు ఆగి ఇంకొకటి. ఆ చప్పుడులోనే పెరిగాను. మిలటరీలో డ్రైవరుగా చేరిన కొత్తలో అది వినబడక నిద్ర పట్టేది కాదు.

యుద్ధం వచ్చినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పడమటి సరిహద్దులో ఇసుకలో దారి తప్పి, నా లారీతో సహా పట్టుబడ్డాను. అవతలి సిపాయిలు నన్ను కొట్టలేదు. వాళ్లు తినే రొట్టెలోనే నాకూ పెట్టారు. కొన్నాళ్లకు నన్నూ, అక్కడే ఖైదులో ఉన్న మరో నలుగురు మనవాళ్లనూ ఇంకో చోటికి తరలిస్తుంటే లారీ ఇసుకలో దిగబడింది. అమావాస్య సాయంత్రం, పొద్దు కుంకుతోంది. అందరూ లారీ తోయడంలో ఉన్నారు. నేను ఒంటికి పోసుకోవడానికని దిబ్బ చాటుకు వెళ్లాను. ఎవరూ పిలవలేదు. అలాగే నడిచాను.

ఇందులో ధైర్యం ఏమీ లేదు. అంతకుముందు దాని గురించి ఆలోచించను కూడా లేదు. కాళ్లు ఆగలేదు, అంతే.

మరునాడు తెల్లారేసరికి చుట్టూ ఇసుక తప్ప ఏమీ లేదు. నా దగ్గర నీళ్లు లేవు. తూర్పుకు నడవాలని మాత్రం తెలుసు. అప్పుడు వినబడింది హోరు. గాలి అనుకున్నాను, కానీ గడ్డిపోచ కూడా కదలడం లేదు. ఇంతలో ఇనుము మోగింది. మూడు దెబ్బలు, ఆగి ఇంకొకటి.

దాహానికి మతి పోతోందనుకున్నాను. చెవులు మూసుకుంటే ఆగిపోయింది, తీస్తే మళ్లీ వినబడింది. చప్పుడు దక్షిణం వైపు నుంచి వస్తోంది. అటు వెళితే సరిహద్దు చేరడం ఆలస్యమవుతుంది. చాలాసేపు కూర్చుని నాలో నేనే వాదించుకుని, చివరికి అటే నడిచాను. పొద్దెక్కేసరికి రాళ్ల మధ్య ముళ్లకంప కప్పిన గుంట కనబడింది. అడుగున పచ్చటి వాన నీళ్లు. కడుపు నిండా తాగాను.

ఎండలో పొదల కింద పడుకోవడం, ఉదయం, సాయంత్రం నడవడం. రోజూ తెల్లవారేటప్పుడు హోరు వినబడేది. వినబడిన వైపుకే నడిచేవాణ్ణి. నాలుగో రోజు అది నన్ను ఒక బావి దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ ఒక ముసలి మేకలకాపరి ఉన్నాడు. బళ్లారి సంతలో నేర్చుకున్న ఉర్దూలో మాట్లాడితే నవ్వాడు. నేనెవరో అతనికి అర్థమయ్యే ఉంటుంది, కానీ అడగలేదు. మేకపాలు ఇచ్చి, తోలుతిత్తి నిండా నీళ్లు పోశాడు.

"నీళ్ల చప్పుడు వినబడుతోందా?" అని అడిగాను.

చెవి ఒగ్గి విన్నాడు. "ఇక్కడ నీళ్లు మోగవు బేటా. లోతు నుంచి తోడుకోవాల్సిందే" అన్నాడు.

అష్టమి నాటి ఉదయం ఒక దిబ్బ ఎక్కితే దూరంగా మన సిపాయిల కాపలా చౌకీ కనబడింది. అంతవరకూ వినబడుతున్న హోరు అక్కడ ఆగిపోయింది. చేతులు పైకెత్తి, పేరు, నంబరు అరుచుకుంటూ దిగాను. ఆ మిగతా నలుగురూ తర్వాత ఖైదీల మార్పిడిలో క్షేమంగా వచ్చారు. నాకంటే వాళ్లే ఒళ్లు చేసి వచ్చారు.

ఆసుపత్రిలో నెల రోజులు ఉంచి సెలవిచ్చారు. చప్పుడు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చి పట్టిందని రాసి పంపేస్తారని భయం. కంప్లిలో బస్సు దిగి గట్టు మీద నడిచి వస్తుంటే మా డ్రాప్ ఎప్పటిలాగే మోగుతోంది. ఆ సాయంత్రం అన్నం తిన్నాక నాన్న, నేను నోరు విప్పకముందే, తనే మొదలుపెట్టాడు.

"గాదిలింగా, నీవు లేనప్పుడు ఈడ ఒక ఇచిత్రం జరిగెరా. కాలవ పారతాండాది, నీళ్లు దూకతాండాయి, సద్దు మాత్రం లేదు. నా చెవులే పోయినాయేమో అనుకొంటి."

"ఎప్పుడు నాన్నా?"

"అమాస మర్నాడు పొద్దున ఆగె. మళ్లా అష్టమి పొద్దునే వచ్చె."

సెక్షన్ ఇంజనీరుకు కబురు పెడితే ఆయన బండి మీద వచ్చాడట. దూకే నీళ్లను చాలాసేపు చూసి, చెవిలో వేలు పెట్టి తిప్పుకుని, మళ్లీ బండెక్కి వెళ్లిపోయాడట.

నేను నమ్మలేక మరునాడు పక్క క్యాంపుకు వెళ్లాను. కోస్తా నుంచి వచ్చి వరి పండించే కుటుంబాలు అక్కడ ఉండేవి. వెంకాయమ్మగారు వాకిట్లో వడ్లు ఎండబోస్తోంది.

"నిజమే అబ్బాయ్. ఆ హోరుకు అలవాటుపడి మా బుడ్డోడు వారం రోజులు కన్ను మూయలేదు. ఉయ్యాల ఊపి ఊపి నా చేతులు పడిపోయాయి" అంది.

తర్వాత సైన్యంలో ఉన్నన్నాళ్లు ఉండి, వచ్చి ఇక్కడే రెండెకరాలు చేసుకున్నాను. పెళ్లాం, పిల్లలు, పంట. దేనికీ లోటు లేదు. మా అమ్మాయి బళ్లారిలో సైన్సు టీచరు. దాహం ఎక్కువైతే లేని చప్పుళ్లు వినబడతాయంటుంది. కింద నీటిమట్టం పెరిగితే డ్రాప్ మోగదు కూడా అంటుంది. రెండూ నిజమే కావచ్చు. మరి రెండూ అవే రోజుల్లో ఎలా జరిగాయంటే తను నవ్వేస్తుంది. ఆ రోజుల్లో కింది నీళ్లు జానెడు కూడా పెరగలేదని నాన్న చెప్పాడు.

ఎడారిలో విన్నది ఆయనకు ఆ వేసవిలో చెప్పాను. గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ అంతా విన్నాడు. ఆశ్చర్యపోలేదు.

"అట్లా సద్దు పోతే నీకు భయం కాలేదా నాన్నా?" అన్నాను.

"భయమేంటికి? ఎవురికో అగత్యం పడి తీస్కపోయింటారు అనుకొంటి. పని అయినాక తెచ్చి పెడ్తార్లే అని."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇదెలా జరిగిందని ఎవరైనా అడిగితే ఆ మాటే చెబుతాను. అంతకంటే మంచి జవాబు నాకు ఇంతవరకు దొరకలేదు.