అత్త తవ్వించిన గచ్చు

కిందటి వారం విశాఖలో మా ఫ్లాటు వంటింట్లో గ్యాస్ బండ దించుతుంటే కింద టైలు బోలుగా మోగింది. ఖాళీ కుండ మీద తట్టినట్టు ఉంది. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "టైలు లేచినట్టుంది, మేస్త్రీని పిలుద్దాంలే" అన్నారు. నేను మాత్రం అక్కడే చతికిలబడి వేళ్ళతో మళ్ళీ మళ్ళీ తట్టి చూశాను. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. చోడవరంలో మా అత్త పైడితల్లి ఇంట్లో, నా కడుపులో పెద్దపిల్ల ఉన్న రోజుల్లో మొదటిసారి విన్నాను.

అత్త గురించి చెప్పాలంటే ముందు ఆవిడ గచ్చు గురించి చెప్పాలి. నడిగదిలో ఎర్ర గచ్చు, ముఖం చూసుకోవచ్చు. రోజూ తడిబట్టతో తుడిచి, ఆరాక కొబ్బరినూనె చుక్క వేసి రుద్దేది. చెరకు తోట నుంచి వచ్చిన మామయ్యని రెండుసార్లు కాళ్ళు కడిగిస్తే గాని లోపలికి రానిచ్చేది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గచ్చు మీద నడవాలంటేనే నాకు భయం. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఏడో నెల వచ్చాక, పురిటికి ఎక్కడికి వెళ్ళాలో తెలియక లోలోపల కుమిలిపోతుంటే అత్తే కనిపెట్టింది.

"పుట్టిల్లు లేదని దిగులు పడతన్నావేటే? నడిగది నీదే. పిల్లా నువ్వూ అక్కడే పడుకుందురు గాని" అంది. మర్నాడే గోడలకి సున్నం వేయించింది. నాకెంత ఏడుపొచ్చిందో చెప్పలేను.

తొంభైల నడుమ సంగతి ఇది. ఆ నెలలోనే తుఫాను వచ్చింది. గాలికి మా ఇంటి పెంకులు వరసలు వరసలుగా లేచిపోయాయి, వాన మూడు గదుల్లోనూ కురిసింది. తెరిపిచ్చాక నా మంచం వెయ్యడానికని బియ్యం బస్తా పక్కకి జరిపితే నడిగది గచ్చు బోలుగా మోగింది. మంచం రావలసిన చోటే వెంట్రుకలా ఒక బీట. అత్త ముఖం పాలిపోయింది.

ఇల్లు కట్టకముందు అక్కడ మామయ్య వాళ్ళ నాన్న బెల్లం వండేవాడట. పొయ్యి కోసం పెద్ద గొయ్యి తవ్వి ఉండేది. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొచ్చేస్తోందని ఆ గోతిలోకి చెరకు పిప్పీ బూడిదా తోసేసి, పైన మన్ను కప్పి, గచ్చు చేయించేశారు. పిప్పి కుళ్ళి అణిగిపోతుందని ఆ హడావుడిలో ఎవరూ ఆలోచించలేదు.

అప్పుడే మా ఆయన స్నేహితుడు రమణ వడ్డాది నుంచి వచ్చాడు. ఇన్సూరెన్సు ఏజెంటు. తుఫాను తర్వాత అతనికి ఊరూరా పిలుపులే.

"గాలివానకి ఇల్లెగిరిపోయినా కంపెనీ డబ్బులిస్తాది పిన్నీ. నేల కుంగడానికి మాత్రం వేరేగా కలిపి రాయించుకోవాల. ఆ గొయ్యి మాట మటుకు ఎత్తకండి. సెప్తే ఒప్పుకోరు" అన్నాడు.

మా ఆయనకి అది నచ్చింది. పెంకులకే చేతిలో ఉన్నదంతా అయిపోయింది, ఇప్పుడు గచ్చు పగలగొట్టే ఓపిక ఎక్కడిది? "రేపేదైనా అయితే ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు కదమ్మా" అన్నారు.

అత్త రమణకి టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఇల్లు కూలిపోతే కంపెనీ ఇల్లిస్తాది. బాగుంది బాబూ. ఆ గదిలో నా కోడలూ పసిపిల్లా పడుకునుంటారు. ఆళ్ళని కూడా ఇస్తాదేటి?"

అత్త గ్లాసు అతని ముందుకి జరిపి, "టీ సల్లారిపోతంది, తాగు" అని లేచిపోయింది.

మర్నాడు పొద్దున్నే గునపం తెప్పించింది. నాకు ప్రాణం ఒప్పక, "అత్తా, నేను వంటింట్లో పడుకుంటాను. అంత ఇష్టపడి చేయించుకున్న గచ్చు, పగలగొట్టించకు" అని చెయ్యి పట్టుకున్నాను.

"నోర్ముయ్యవే! గచ్చుదేటుంది" అని విదిలించుకుని, మొదటి పోటు తనే వేసి, గునపం కొడుకు చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి వెళ్ళి చూస్తే నూతి గట్టు మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "పొగ పోయింది కళ్ళల్లోకి" అంది. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

లోపల మా ఆయన రెండు పెచ్చులు లేపారో లేదో గునపం జారి లోపలికి పోయింది. కింద మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఆయన ఆ గోతి వంకా నా వంకా చూసి, చెమట తుడుచుకుంటూ గోడకి చేరబడిపోయారు. కుళ్ళిన పిప్పంతా తోడించి, రాళ్ళూ కంకరా పోయించి, దిమ్మిస కొట్టించేసరికి వారం పట్టింది. అప్పుడు రమణని మళ్ళీ పిలిచింది అత్త.

"ఇప్పుడు రాయి. గొయ్యుండేది, తవ్వి రాళ్ళతో పూడ్చేం అని ఉన్నదున్నట్టు రాయి. గాలికీ రాయి, నేలకీ రాయి."

కంపెనీ వాళ్ళు వచ్చి చూసుకుని ఒప్పుకున్నారు. అత్త ఉన్నన్నాళ్ళూ ఆ పాలసీ మీద పైసా తీసుకునే అవసరం రాలేదు. ఏటా కట్టేటప్పుడల్లా మా ఆయన, "ఈ ఏడూ దండగే" అని ఆటపట్టించేవారు. "దండగైపోవాలనే కడతన్నాన్రా" అనేది ఆవిడ.

మళ్ళీ ఎర్ర గచ్చు చేయించే స్తోమత అప్పుడు లేక, తవ్విన మేరకు సిమెంటు పూసి వదిలేశాం. ఎర్రటి గది నడుమ బూడిదరంగు అతుకు. మా పెద్దది ఆ గదిలోనే పుట్టింది, ఆ అతుకు మీదే బోర్లా పడింది. తర్వాత చేతిలో డబ్బు ఆడాక, "మొత్తం కొత్తగా వేయిద్దామా అత్తా?" అని అడిగాను.

"ఎందుకే? ఉండనీ. నా మనవరాలు పాకిన సోటది" అంది.

నిన్న మేస్త్రీ వచ్చాడు. పైన అతికించేస్తే చాలదా అన్నారు మా ఆయన. నేను ఊరుకోలేదు. లేపి చూస్తే కింద పిడికెడు ఇసుక జారిపోయి ఉంది, అంతే. మేస్త్రీ దాన్ని సరిచేసి, సంచిలోంచి టైలు తీసి చూపిస్తూ నసిగాడు.

"పాత రంగు దొరకలేదమ్మా. ఇది ఏస్తే అతుకు కనపడిపోద్ది."

"కనపడనీ" అన్నాను.