నీళ్ళు వెనక్కి పోయినప్పుడు

మా తమ్ముడి ఫోన్ నిండా అలలే. మనవల ఫోటోలు నాలుగో అయిదో ఉంటాయి, మిగతావన్నీ సముద్రాలు. ఏ దేశాలవో వాడికీ తెలియదు. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తున నీళ్ళు లేస్తాయి. వాటి కింద చీమంత మనిషి పలక మీద నిలబడి జారుతుంటాడు. ఆ చీమను చూస్తూ మా వాడు కలిపిన అన్నం నోట్లో పెట్టుకోవడం మరిచిపోతాడు. వాడికి అరవై దాటాయి.

"చూడక్కా, కొండ మీద పడుతుంటే ఎలా నవ్వుతున్నాడో!"

"వాడికి పెళ్ళాంబిడ్డలు లేరా?"

"ఉండే ఉంటారు."

"మరి ఇంట్లో తన్నేవాళ్ళెవరూ లేరా?"

"నీకు చూపించడం నాదే బుద్ధితక్కువ," అని ఫోన్ లాక్కునేవాడు. రెండు నిమిషాలాగి "ఇది చూడు, దీని అమ్మమ్మ ఇది" అని మళ్ళీ తెచ్చేవాడు.

మేముండేది రాయచూరు జిల్లాలో, సింధనూరు దగ్గర క్యాంపులో. తుంగభద్ర కాలవ కింద వరి చేసుకుందామని కోస్తా నుంచి వచ్చిన వాళ్ళం కట్టుకున్న ఊళ్ళని ఇక్కడ క్యాంపులనే అంటారు. పాకలు పోయి డాబాలు లేచినా ఆ పేరు పోలేదు. సముద్రం మాకు ఒక రాత్రి బస్సు ప్రయాణమంత దూరం. అంత దూరంలో ఉన్నందుకు నేను సంతోషించని రోజు లేదు.

కార్తీకంలో మా వరి కోతకొస్తుంది. టీవీలో అల్పపీడనం అన్న మాట కనబడగానే క్యాంపంతా గుండె పట్టుకుంటుంది. కోసిన పనలు తడిస్తే చేలోనే మొలకలొస్తాయి. మా తమ్ముడి పనలూ చేలోనే ఉంటాయి. అయినా వాడు కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుంటాడు.

"పనలు తడిసిపోతుంటే ఈ మనిషి అలెంత ఎత్తు లేస్తుందని అడుగుతాడేంటి వదినా?" అని మా మరదలు తల కొట్టుకునేది.

నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై రెండో ఏట, ఆ టీవీ కోసమే. తెర కింద పరిగెత్తే వార్త వాడికంటే ముందు నా కంట పడాలి. కోడలు కూర్చోబెట్టి నేర్పింది. కూడబలుక్కుని చదివిన మొదటి పెద్ద మాట 'వాయుగుండం'. కోడలు చప్పట్లు కొట్టింది. నేను లేచి తమ్ముడి ఇంటికి పోయి, ఆ వారమంతా వాడికి పొలం పనులు పురమాయిస్తూ కూర్చున్నాను.

నా భయానికి కారణముంది. మా నాన్న ఎలా పోయాడో వాడికి తెలియదు. జ్వరంతో పోయాడని అమ్మ చెప్పింది. నేనూ అదే చెప్పుకుంటూ వచ్చాను.

మా పాత ఊరికి సముద్రం మైలు లోపే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, వాడికి రెండో ఏడు నిండలేదు. మూడు రోజులు ముసురు పట్టి, ఆ పొద్దున కాస్త తెరిపిచ్చింది. గాలి పడమటి నుంచి, అంటే నేల వైపు నుంచి తోస్తోంది. సముద్రం వెనక్కి పోయిందని ఎవరో కేకేస్తే ఊరంతా కరకట్ట ఎక్కింది. తమ్ముణ్ణి చంకనేసుకుని నేనూ ఎక్కాను. రోజూ నీళ్ళుండే చోట నల్లటి నేల. దాని మీద ఎప్పుడో మునిగిన పడవ చెక్కలు, గిలగిలా కొట్టుకుంటున్న చేపలు. పల్లెకారులు ఒక్కరూ దిగలేదు. సముద్రంతో బతికేవాళ్ళు, వాళ్ళకి తెలుసు. దిగింది మాలాంటి రైతులు నలుగురైదుగురు. వాళ్ళలో మా నాన్న.

చేపల కోసం కాదు. గంప కూడా పట్టుకెళ్ళలేదు. ఎంత దూరం పోయిందో చూసొస్తానన్నాడు, అంతే. పంచె ఎగ్గట్టి నడిచాడు. చాలా దూరం పోయాక వెనక్కి తిరిగి మా వైపు చెయ్యూపాడు, రమ్మని. నేను కట్ట దిగి రెండడుగులు వేశాను కూడా. అమ్మ నా జడ పట్టుకుని గుంజింది.

ఉన్నట్టుండి గాలి ఆగింది. ఒక చుట్ట కాల్చేంతసేపు ఆకు కదల్లేదు. తర్వాత తూర్పు నుంచి మొదలైంది. అమ్మ జడ వదలకుండానే మమ్మల్ని ఊళ్ళోకి పరిగెత్తించింది. నేను అలను చూడలేదు. దాని చప్పుడు విన్నాను. వంద బండ్లు ఒక్కసారిగా కంకర రోడ్డెక్కినట్టు. బియ్యం మిల్లు డాబా ఎక్కినవాళ్ళం బతికాం. నాన్న దొరకలేదు.

ఆ ఉప్పెనలో పోయినవాళ్ళందరి కోసమూ ఊరు ఏడ్చింది. మా నాన్న మాటొస్తే మాత్రం "పిచ్చోడు, చూడ్డానికి పోయాడు" అనేవాళ్ళు. అమ్మకి చావు కంటే ఆ మాట బరువైంది. మేనమామ వెంట ఈ క్యాంపుకి వచ్చిన రోజే నా చేత ఒట్టేయించుకుంది. "వీడికి చెప్పకు. వింటే వీడూ పోయి చూస్తాడు." చెప్పలేదు. చెప్పకపోయినా వీడు చూస్తూనే ఉన్నాడు. అమ్మ లెక్క తప్పిందా, నా లెక్క తప్పిందా అన్నది ఇప్పటికీ తేలలేదు.

మా వాళ్ళు ఎక్కడ కాపురమున్నా కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం చేయాలంటారు. ఇంటి పక్కన తుంగభద్ర ఉన్నా సరే, బస్సు మాట్లాడుకుని పోతారు. ప్రతి ఏడూ తమ్ముడు పేరిచ్చేవాడు, ప్రతి ఏడూ నేను ఆపేదాన్ని. ఒక ఏడు నాకు కడుపునొప్పి వచ్చేది, ఒక ఏడు మోకాలు పట్టేసేది. పోయిన ఏడు వాడు ముందే హెచ్చరించాడు.

"ఈసారి నువ్వు చచ్చినా ఆగనక్కా. చచ్చినట్టు పడుకున్నా ఆగను."

"అయితే నేనూ వస్తా."

"నువ్వా! ఎందుకు?"

"పుణ్యానికి."

బయల్దేరే ముందు తెర కింది అక్షరాలు చదివాను. ఎక్కడో దూరంగా, నడి సముద్రంలో, తీవ్ర వాయుగుండం. మన వైపు రాదని రాశారు.

తెల్లవారి దిగేసరికి ఆకాశంలో మబ్బు తునక లేదు. అలలు మాత్రం ఎవరో వెనకనుంచి తరుముతున్నట్టు వస్తున్నాయి. పోలీసులు తాడు కట్టి, ఎర్ర జెండాలు పాతి, తాడు దాటొద్దని మైకులో చెబుతూనే ఉన్నారు. తమ్ముడు చొక్కా విప్పి నా ఒళ్ళో పడేశాడు. ఫోన్ కూడా ఇచ్చేశాడు. ఫోన్ చెయ్యి దాటనివ్వని మనిషి.

"తాడు లోపలే ఉంటావా?"

"ఉంటానే. కాలవలో ఈదినోణ్ణి, నాకు చెప్తావా?"

నేను ఇసక మొదట్లో కూర్చున్నాను. మా బస్సు డ్రైవరు పక్కకొచ్చి నిలబడ్డాడు. మాలా వలసొచ్చినవాడు కాదు, రాయచూరు మనిషి, మాట మా మాటలా ఉండదు.

"ఏందమ్మా, గిట్ల కూసున్నవ్? తానం చెయ్యవా?"

"నువ్వు చెయ్యవా నాయనా?"

"నాకొద్దు తల్లీ. క్రిష్ణ పొంగితే శక్తినగర్ బ్రిడ్జి మీదికెల్లి చూస్తెనే నాకు గజగజ. గీ దరియా నాకెందుకు? బస్సుల పంటా."

అన్నాడు గాని కదల్లేదు. అతని కళ్ళూ నీళ్ళ మీదే ఉన్నాయి. అప్పుడు నీళ్ళు తగ్గాయి.

ఇక్కడ మా కాలవ సంగతి చెప్పాలి. మా క్యాంపు కాలవ చివర ఉంది. నీళ్ళు వంతుల మీద వస్తాయి. కాలవలో నీళ్ళు తగ్గాయంటే పైన లస్కరు గేటు దించాడని అర్థం. ఆ మాట వినబడగానే ఆడా మగా గంపలు పట్టుకుని దిగిపోతాం. బురదలో కొరమీనులు కొట్టుకుంటూ ఉంటాయి. మళ్ళీ వంతు వచ్చేదాకా నీళ్ళు రావు. నీళ్ళు తగ్గడమంటే దిగమని పిలవడమే మాకు. క్యాంపులో పుట్టిన పిల్లలకి నడకతో పాటు వచ్చే తెలివి అది.

సముద్రం యాభై అరవై అడుగులు వెనక్కి జరిగింది. తడి ఇసక మెరిసింది. ఆ తీరపు ఊళ్ళ వాళ్ళు ఉన్నచోటే నిలబడ్డారు. మా బస్సు వాళ్ళు మాత్రం ఒక్కసారి గొల్లుమన్నారు. అందరికంటే ముందు మా తమ్ముడి గొంతు.

"పైన లస్కరు గేటు దించేశాడర్రోయ్! దిగండి, దిగండి!"

నవ్వులు. ఆడవాళ్ళు కొంగుల్లో గవ్వలేరుకుంటూ దిగారు. పోలీసు ఈల ఊదుతున్నాడు, ఎవరికి పడుతుంది?

"గాయన ఎవరమ్మా, తాడు దాటి పోతుండు?" అన్నాడు డ్రైవరు.

ఎవరో నాకు తెలుసు. వంగి గవ్వలు ఏరడం లేదు. పంచె ఎగ్గట్టి, తల ఎత్తి, తిన్నగా నడుస్తున్నాడు. ఆ నడక నేను తొమ్మిదో ఏట చూశాను. అదే వీపు. కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగాడు. నా వైపు చెయ్యూపాడు, రమ్మని.

ఎలా లేచానో తెలియదు. మోకాళ్ళు నొప్పన్న సంగతే గుర్తు లేదు. నీళ్ళ అంచు దాకా పోయి గొంతు చించుకున్నాను. "ఒరేయ్, నాన్న జ్వరంతో పోలేదురా! ఇలాగే పోయాడు! ఇలా చూడ్డానికి పోయే పోయాడు!"

అక్కడే నేను తప్పు చేశాను. పరిగెత్తరా అని ఒక్క మాట అరిస్తే సరిపోయేది. జీవితమంతా దాచినది ఆ క్షణంలో చెప్పాను. గవ్వలేరేవాళ్ళు నా కేక విని తలెత్తి, అలను చూసి, వెనక్కి పరిగెత్తారు. వాడు కదల్లేదు. విన్నాడు. విని, ఉన్నచోట ఆగిపోయాడు. సముద్రానికి వీపు పెట్టి నన్నే చూస్తున్నాడు. వాడి వెనక నీళ్ళు లేస్తున్నాయి.

ఇంకొక్కటి రాయాలి, ఇది వాడికి కూడా చెప్పలేదు. అప్పుడు నేను వాణ్ణి చూడలేదు. దాన్ని చూశాను. నిలబడిన నీళ్ళలోంచి పొద్దుటెండ పచ్చగా కనబడుతోంది. పైన అంచు వంగి, ఇంకా పడకుండా, ఆగినట్టుంది. చిన్నప్పుడు చప్పుడు మాత్రమే విన్నదాన్ని కదా. నా కాళ్ళు ముందుకే నడిచాయి. వాణ్ణి లాగడానికే నడిచానని మా మరదలు అందరికీ చెబుతుంది. నేను కాదనను, అవుననను. డ్రైవరు వెనకనుంచి నా రెండు భుజాలూ పట్టి లాగాడు.

"ఏడికి పోతున్నవమ్మా! పాగల్ అయినవా?"

ఆ మనిషికి మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి. అయినా నన్ను వదల్లేదు.

అల వాణ్ణి వెనకనుంచి కొట్టింది. కొంతసేపు మనిషి లేడు. తెల్లటి నురగ, అందులో ఒకసారి చెయ్యి, ఒకసారి కాలు. తాడు దగ్గరున్న పల్లెకారులు ఇద్దరు దూకి పంచె పట్టుకున్నారు. పంచె చేతికొచ్చింది, మనిషి రాలేదు. రెండోసారి జుట్టు దొరికింది. ఒడ్డున పడేసి బోర్లా తిప్పితే ఇసకా నీళ్ళూ కక్కాడు. కుడి భుజం కీలు తప్పింది.

ఒక పల్లెకారు నా వైపు తిరిగాడు. "ఏ ఊరమ్మా మీది? నీళ్ళు ఎనక్కెళ్తే ఎవడైనా ముందుకెళ్తాడా?"

ఏ ఊరని చెప్పను? సింధనూరు క్యాంపు అన్నాను, మేమూ ఒకప్పుడు సముద్రం ఒడ్డువాళ్ళమేనన్నది దాచి.

తిరుగు ప్రయాణంలో భుజానికి కట్టుతో నా పక్కన కూర్చున్నాడు. బస్సులో ఎవరూ పాటలు పెట్టమనలేదు. కర్నూలు దాటాక నోరు విప్పాడు.

"నాన్న వెనక్కి తిరిగి చూశాడా?"

"చూశాడు."

"ఏమన్నాడు?"

"చెయ్యూపాడు. రమ్మని."

"నువ్వెళ్ళలేదా?"

"అమ్మ జడ పట్టుకుంది."

"పట్టుకోకపోతే?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

తిడతాడనుకున్నాను. ఇన్నేళ్ళు అబద్ధం చెప్పావు, నీ నోట్లో మన్నుపడా అంటాడనుకున్నాను. అనలేదు. ఆ రోజు నుంచీ ఫోన్‌లో అలలు చూడటం మానేశాడు. మరదలికి ఎంత సంబరమో! "పీడ వదిలింది వదినా, ఇప్పుడు అన్నం మధ్యలో లేవడం లేదు," అంది. నాకు మాత్రం ఆ చూడకపోవడం నచ్చలేదు. ఆకలి తీరినవాడిలా లేడు, విందుకని కడుపు మాడ్చుకుంటున్నవాడిలా ఉన్నాడు. పొలం గట్టు మీద నిలబడి తూర్పుకి చూస్తాడు. తూర్పున ఏముంది, మాన్వి రోడ్డు. ఒకరోజు నన్ను మా పాత ఊరి పేరు అడిగాడు. కరకట్టకి ఏ వైపున దిగాడు, ఎంతసేపు నడిచాడు, అదీ అడిగాడు. నేను చెప్పాను. ఇంకా దాచి చేసేదేముంది?

ఈ ఏడూ కార్తీకం వచ్చింది. వరి కోతకి ఉంది. నిన్న సాయంత్రం టీవీ కింద అక్షరాలు పరిగెత్తాయి. బంగాళాఖాతం, అల్పపీడనం, రానున్న రెండు రోజుల్లో బలపడే సూచన. వాడు నా పక్కనే కూర్చున్నాడు, ఈసారి కుర్చీ ముందుకి జరుపుకోలేదు. కళ్ళు మూసుకుని, "చదువక్కా," అన్నాడు. చదివాను. గొంతు మామూలుగానే వచ్చింది.

బస్సు మాట్లాడారు, అదే డ్రైవరు. తమ్ముడు పొద్దున పోయి పేరిచ్చొచ్చాడట. ఈసారి మా పాత ఊరి వైపు పోదామని అందరినీ ఒప్పించాడట కూడా. నేను మధ్యాహ్నం పోయి నా పేరిచ్చాను. కడుపునొప్పీ మోకాలూ నాకు గుర్తే రాలేదు. రాలేదెందుకో నన్ను నేను అడుక్కోలేదు.

సంతలో కొత్త పలుపు కొన్నాను. పశువుల్ని కట్టే తాడు, గట్టిది, పన్నెండు మూరలు. వాడి నడుముకి ఒక కొస, నా నడుముకి ఒక కొస వేసి, మధ్యలో మిగిలేది ఎంతో ఇంట్లోనే కొలిచి చూసుకున్నాను. సంచిలో అడుగున పెడుతుంటే మరదలు వచ్చింది.

"పలుపెందుకు వదినా?"

"దూడకి."

మా ఇంట్లో దూడ లేదని దానికి తెలుసు. సంచి వైపు చూసింది, నా వైపు చూసింది, పోయి వాడి పంచె ఒకటి తెచ్చి పలుపు మీద మడతపెట్టింది.