మా దొడ్డి వాలు

మా నాన్న బిట్రగుంటలో రైల్వే ఉద్యోగి. నేను పుట్టి పెరిగింది రైల్వే కాలనీలో. ఎంత పెద్ద వాన కురిసినా నీళ్లు ఇళ్ల వెనక రాతి కాలవల్లో పడి గలగలమంటూ వెళ్లిపోయేవి. ఎక్కడికి పోతున్నాయని మేమెవరం ఏనాడూ అడగలేదు. వాననీటికి దారి కావాలని, ఆ దారి ఎవరో ఒకరు ఆలోచించి వెయ్యాలని నాకు తెలిసింది పెళ్లయి నెల్లూరు వచ్చాకే.

మా ఆయనది దొరవారిసత్రం దగ్గర ఓ లోతట్టు పల్లె. వానాకాలం వచ్చిందంటే వాళ్ల గుడిసెలోకి నీళ్లు రావాల్సిందే. వాళ్లమ్మ మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి, పిల్లలిద్దర్నీ మంచమెక్కించి, కుంపటి కూడా ఆ మంచం మీదే పెట్టి గంజి కాచేదట. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి నాకు నవ్వుతూ చెప్పారు. "మంచం యాడ అంటుకుంటదోనని మా అక్క ఒకటే ఏడుపు" అన్నారు. ఆ నవ్వు చివరిదాకా నిలవలేదు. లేచి వెళ్లి, మూసి ఉన్న కిటికీనే మళ్లీ గట్టిగా మూసి వచ్చారు.

ఆయన ఒక ప్రభుత్వ కచ్చేరీలో గుమాస్తా. యాభైల చివర్లో ఊరి అంచున, పొలాలు ఇళ్ల స్థలాలుగా మారుతున్న చోట, చిన్న జాగా కొన్నారు. ఆ సందులో అప్పటికి ఉన్నది ఒక్కటే ఇల్లు. మా జాగాకు తూర్పున దూదేకుల దంపతుల పెంకుటిల్లు, దాన్ని ఆనుకుని దూది ఏకే పాక. ఆయన్ని అన్నా అనీ, ఆమెను అక్కా అనీ పిలిచేవాళ్లం. మా బావి ఇంకా తవ్వకముందే అక్క తమ బావి నుంచి నీళ్లు తోడుకోమంది. నేను మొహమాటపడితే, "ఇల్లు కట్టుకునేటోళ్లకి నీళ్లు లేవంటే ఎట్ట పాపా? తోడుకోండి" అని చేద నా చేతికిచ్చింది.

ఇంటి ప్లాను చూడడానికి మున్సిపాలిటీ ఓవర్సియరు సైకిలు మీద వచ్చారు. బక్కపలచటి మనిషి. చంకలో గొడుగు, చెవి మీద పెన్సిలు. జాగా అంతా తిరిగి చూసి మా ఆయనతో అన్నారు:

"ఇంటి నేల రోడ్డు కన్నా ఎత్తులో ఉండాలండీ. దొడ్డి వీధివైపు వాలుగా ఉండాలి. మీ జాగాలో పడ్డ వాన మీ జాగాలోంచే వీధి కాలవలోకి పోవాలి. పక్కవాళ్ల మీద పడకూడదు. రూలు అది."

మా ఆయన చెవికెక్కింది మొదటి మాట ఒక్కటే. బండ్ల మీద ఎర్రమట్టి తోలించడం మొదలుపెట్టారు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే పంచె ఎగగట్టి తనే మట్టి తొక్కేవారు. పునాది మెరక చాల్లెమ్మని మేస్త్రీ అన్నా వినలేదు. ఇంటితో పాటు వెనక దొడ్డి కూడా మెరక చేయించారు. వీధివైపు ముందరి జాగా అరుగులు కట్టేసరికి అంతకన్నా ఎత్తై గట్టులా తయారైంది.

"ఇంకెంత ఎత్తు?" అని ఒకరోజు విసుక్కున్నాను.

"నువ్వు ఎప్పుడూ మంచం ఎక్కి కూర్చోవాల్సిన పని రాకూడదు" అన్నారు, తలెత్తకుండా.



ఎండాకాలంలో గృహప్రవేశం చేశాం. పగలంతా అన్న దూది ఏకే విల్లు చప్పుడు వినిపిస్తూ ఉండేది. నారి మీద దెబ్బ పడితే తంబురా మీటినట్టు ఓ మోత, వెంటనే దూది రేగిన మెత్తని చప్పుడు. ఆ చప్పుడుకు నేను ఎంతగా అలవాటుపడ్డానో అది ఆగినరోజే తెలిసింది.

కార్తీకమాసంలో వాయుగుండం పట్టింది. రాత్రి మొదలైన వాన మర్నాడు మధ్యాహ్నానికి కూడా తెరిపివ్వలేదు. నాకప్పుడు కడుపులో బిడ్డ. బియ్యం ఏరుకుంటూ కూర్చున్నదాన్ని, ఏదో వెలితిగా అనిపించి తలెత్తాను. విల్లు మోగడంలేదు. వెనక తలుపు తీసి చూశాను. మా దొడ్డిలో పడ్డ వానంతా వీధివైపు పోవడానికి దారిలేక, పరిచిన దుప్పటిలా తూర్పుకు జారి, కంచె కిందుగా వాళ్ల పాకలోకి పోతోంది. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు మా మట్టిది. పాకలో అన్న, అక్క మోకాటి లోతు నీళ్లలో నిలబడి దూది మూటలు మంచాల మీదికి ఎత్తుతున్నారు.

అదే సమయానికి మా ఆయన తడిసి ముద్దయి ఆఫీసు నుంచి వచ్చారు. నేను చెయ్యి చూపించాను. మెట్టు మీద నిలబడి చూశారు. పాకలో మంచం కోళ్ల చుట్టూ నీళ్లు, ఆ మంచం మీద ఎక్కి నిలబడిన అక్క. గొడుగు అక్కడే పారేసి కంచె దాటారు.

చీకటిపడే లోపల దూదంతా మా ఇంటికి చేరింది. ముందు గదిలో, బీరువా మీద, మంచాల మీద, ఎక్కడ చూసినా దూదే. తడిసింది ఒకవైపు, పొడిగా ఉన్నది ఒకవైపు. అక్క మాత్రం రానంది.

"దూదికి చోటిచ్చినారు, అదే చాలు పాపా. మేం ఈడ్నే ఏదో ఒక మూల ఉంటాం."

"నువ్వు రాకుంటే నేనే అక్కడికొస్తానక్కా" అని మెట్టు దిగబోయాను. నా కడుపు చూసి పరుగున వచ్చింది.

చారు కాచి అన్నం పెట్టాను. అక్క వంటింటి గడప బయటే కూర్చుంది. నేను పీట గడప లోపల వేసి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆమె ఒకసారి నావైపు చూసి తిన్నది. మా ఆయన కంచం ముట్టలేదు. అన్న ఆయన పక్కకు జరిగి కూర్చున్నాడు.

"తినండి సార్. మీరేమన్నా కావాలని తోలినారా? వాన అందరి మీదా పడింది."

"పడింది అందరి మీదే అన్నా. మీ మీదికి పంపింది నేను" అన్నారు మా ఆయన. అన్న కంచం ఆయన ముందుకు జరిపాడు.

వాన వెలిశాక తడి దూది మా మిద్దె మీద ఆరబోశాం. గాలికి లేచిపోతుంటే, బోగోలు నుంచి చేపలమ్మడానికి వచ్చే ఆమె చూసి, మర్నాడు ఓ పాత వల తెచ్చిచ్చింది. దూది మీద పలచని చీరలు కప్పి, పైన వల పరిచి, అంచున ఇటుకలు పెట్టాం. అయినా కొంత తప్పించుకుని సందంతా ఎగిరింది. నేనూ అక్కా మిద్దె మీద కూర్చుని, ఏరగలిగింది ఏరుతూ, ఏరలేనిదాన్ని చూసి నవ్వుకున్నాం. కొంత దూది మాత్రం ఎర్రమట్టి పట్టి మళ్లీ తెల్లబడలేదు.

వాళ్లు ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. మా ఆయనే మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్లి ఓవర్సియరును వెంటబెట్టుకు వచ్చారు.

"ఎవరి మీదండీ ఫిర్యాదు?" అని ఓవర్సియరు దారిలోనే అడిగారట.

"నా మీదే."

ఓవర్సియరు సైకిలు ఆపి, "ఇన్నేళ్ల సర్వీసులో తన మీద తనే చెప్పుకున్నవాణ్ణి చూడలేదు" అన్నారట.

దొడ్డిలోకి రాగానే బావిలోంచి ఓ బిందెడు నీళ్లు తోడించి, నేల మీద కుమ్మరించమన్నారు. నీళ్లు కాసేపు తడబడి, తిన్నగా కంచెవైపు నడిచాయి. ఓవర్సియరు మా ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"ఎత్తు పెట్టుకోవడం తప్పు కాదు. ఎత్తు పెట్టుకున్నవాడు నీళ్లకు దారి కూడా చూపించాలి. దొడ్డి మెరక కొంత తీసేయండి. వీధివైపు వాలు పెట్టండి. తూర్పు కంచె వెంబడి, మీ జాగాలోనే, ఇటుక కాలవ కట్టండి. వీధి కాలవను ఈ మూల దాకా తవ్వించే పూచీ నాది."

కాలవ వీధిలోకి పోవాలంటే ముందరి అరుగుల్లో ఒకటి పగలగొట్టాలి. రోజూ సాయంత్రం ఆయన కూర్చునే అరుగది. ఆదివారం పొద్దున్నే పలుగు తీసుకుని తనే పగలగొట్టారు. తవ్వితీసిన మట్టి ఎక్కడ పొయ్యాలని కూలీలు అడిగితే, మా ఆయన అన్న పాకవైపు చూపించారు. అన్న ఎంత వద్దన్నా వినలేదు. ఆ మట్టితో పాక నేల మా దొడ్డి మట్టానికి లేచింది. అక్క దాని మీద పేడ అలికి ముగ్గు వేసింది. ఈ పనులన్నీ అయ్యే సమయానికి నేను పురిటికి బిట్రగుంట వెళ్లిపోయాను.

పాపతో తిరిగి వచ్చాక మరుసటి ఏడు వానలు పడ్డాయి. మొదటి పెద్ద వానకు మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టారు. గొడుగు వేసుకుని కాలవ పక్కన నిలబడి, నీళ్లతో పాటే దొడ్డి నుంచి వీధి దాకా నడిచారు, మళ్లీ దొడ్డిలోకి వచ్చి మళ్లీ నడిచారు. కంచె అవతల అన్న విల్లు మోగుతూనే ఉంది. అక్క వచ్చి పాపను ఎత్తుకుని, "మీ నాయన చూడు, నీళ్లకి తోడు పోతా ఉండాడు" అని నవ్వింది.

అరవైల్లో సందు నిండింది. ఒకటొకటిగా ఇళ్లు లేచాయి. ఎవరు పునాది తీసినా మా ఆయన అక్కడ తయారు. మెరక ఎంత, వాలు ఎటు, కాలవ ఎక్కడ కలుస్తుంది అని అడిగేవారు. కొందరు విని సర్దుకున్నారు, కొందరు విసుక్కున్నారు. ఎదురు జాగాలో కొత్తగా ఇల్లు మొదలుపెట్టిన ఒకాయన ఓపిక నశించి గట్టిగానే అడిగాడు:

"ఏందయ్యా ఇది, రోజూ వచ్చి చెప్తా ఉండావు! నువ్వేమన్నా మున్సిపాలిటీ వాడివా?"

అప్పుడే పరుపు కుట్టిచ్చి వస్తున్న అక్క సందు మొదట్లో ఆగింది.

"కాదు నాయనా, ఆయన మా పక్కింటాయన. చెప్పేది నీ మంచికే, విను" అంది.

ఆ కొత్తాయన మేస్త్రీని కేకవేసి, దారం పట్టుకుని మళ్లీ మట్టం చూడమన్నాడు.