రేవులో ఊఁ అనే పెద్దమ్మ

ఆదివారం పూట రేవు చూడటానికి వచ్చే జనమంటే నాకు గిట్టదు. గవ్వల దండ కొంటారు, వేయించిన చేప తింటారు, సముద్రమే తమని చూడవచ్చినట్టు నిలబడి ఫోటో దిగుతారు. ఆ ఆదివారం నేనూ వాళ్ల బస్సులోంచే దిగాను. కాకపోతే నాకో సాకుంది. రేవు సందులో మా పెద్దమ్మకి చేపల దుకాణం ఉంది.

సందంటే పట్టుమని పది దుకాణాలుండవు. తాళ్లు, గాలాలు అమ్మేది ఒకటి, టీ కొట్టు ఒకటి, గవ్వలవి మూడు, మిగిలినవి చేపలు వేయించి పెట్టేవి. సందు మొదట్లోనే పెద్దమ్మది, పచ్చి చేపలది. నాలుగు చెక్కపెట్టెలు, ఒక రాతి బల్ల, ఐసు గడ్డలు, ఆమె. పడవ దిగిన ఏ గంపైనా ముందు ఆమె ముక్కు దగ్గర ఆగాలి. ఎవరు పెట్టిన నియమమో తెలియదు. వంగి ఒకసారి పీల్చి ‘ఊఁ’ అంటే గంప పొయ్యి దగ్గరికి పోతుంది. ‘ఊహూఁ’ అంటే రేవు చివరి ఉప్పు కొట్టుకి. అక్కడ ఆడవాళ్లు ఉప్పు రాసి ఎండబెట్టేస్తారు. ముప్పై ఏళ్లుగా ఆ సందులో తిన్నవాడెవడూ కడుపు పట్టుకుని పరిగెత్తలేదు. ఏ అధికారి సంతకానికీ అంత విలువ లేదు.

నన్ను చూడగానే, “ఏరా, చిక్కిపోయావ్? పుస్తకాలు తిని బతుకుతున్నావా?” అంది.

“అవీ అరగట్లేదు పెద్దమ్మా.”

“మళ్లీ పని మానేశావన్నమాట. కూర్చో. ఆ పెట్టె మీద కాదురా, అందులో పీతలున్నాయి!”

గంపలు కాస్త తెరిపిచ్చాక నా వైపు ఒరిగి గొంతు తగ్గించింది.

“ఒక మాట చెప్తా, కడుపులో పెట్టుకో. నాకు వాసన రావట్లేదు.”

“అంటే?”

“అంటే ఏంటి? జలుబు చేసింది. అది పోతూ పోతూ వాసన కూడా వెంటబెట్టుకుపోయింది. పదిహేను రోజులైంది. సబ్బూ కిరసనాయిలూ ఒకటే నాకు.”

“మరి ఇందాకటి నుంచీ ఊఁ అంటున్నావుగా!”

“చేపైతే కన్ను చూస్తా, మొప్ప ఎత్తి ఎరుపు చూస్తా. రొయ్యలతోనే చిక్కు. వాటికి తెచ్చినవాణ్ణి చూస్తా. సరుకు మంచిదైతే గంప దించి ఊరుకుంటాడు. చెడిందైతే నోరాగదు. గాలి సంగతి, ఇంజను సంగతి, అత్తగారి మోకాలి సంగతి. మాట పెరిగిందంటే నాకు వాసనొచ్చినట్టే.”

నేను చదివిన ఏ పుస్తకంలోనూ అంత పనికొచ్చే ముక్క లేదు.

అంతలో మూగోడు వచ్చాడు. నిజంగా మూగవాడు కాదు. రోజుకి నాలుగు మాటలు రాలితే గొప్ప, అందుకని ఆ పేరు. ఇన్నాళ్లూ ఒకరి పడవలో పనిచేశాడు. సొంత పడవ మీద ఇదే తొలి వేట. రొయ్యల గంప దించుతూనే అందుకున్నాడు.

“ఏం గాలక్కా! తెల్లారేసరికి సముద్రం పళ్లెంలా ఉంది. ఆ కొత్త తాడు ఉందే, భలే తాడు. ఈ అబ్బాయి మీ చెల్లెలి కొడుకా? అచ్చం నీ పోలికే! అన్నట్టు, అసలు సంగతి చెప్పలేదు కదూ...”

పెద్దమ్మ నా వంక ఒక చూపు చూసింది. వంగింది. పీల్చింది.

“ఊహూఁ.”

మూగోడి నోరు మూతపడింది. “ఇప్పుడు తీసినవక్కా,” అన్నాడు మెల్లగా.

“ఊహూఁ అన్నానుగా.”

సందులో ఒక్కరూ అతని తరఫున మాట్లాడలేదు. గంప నెత్తికెత్తుకుని ఉప్పు కొట్టు వైపు నడిచాడు.

టీ కొట్టాయన గ్లాసులు తెచ్చాడు. పెద్దమ్మకి వరసకు మరిది. “పాపం, వాడి సంబరం మీద నీళ్లు చల్లావు కదా వదినా. ఒడ్డు దిగేసరికి కూతురు పుట్టిందని కబురు. అప్పట్నుంచీ వాడు నోరు మూస్తే ఒట్టు. నా కొట్లో నలుగురి టీలు చల్లారిపోయాయి.”

పెద్దమ్మ గ్లాసు అందుకోలేదు. ఆయన వెళ్లాక నేనే అన్నాను. “ఊరుకో పెద్దమ్మా. ఒక్క గంపేగా. ఇప్పుడు నోరు విప్పావంటే రేపు నీ ముందు గంపెవరు దించుతారు?”

“ఉప్పు పడితే అది ఇక పచ్చి రొయ్య కాదురా,” అని లేచింది. పరిగెత్తింది. అరవై దాటిన మనిషి, తడి చెప్పులు టపటపలాడిస్తూ, గవ్వల దండల వాళ్లని తోసుకుంటూ. వెనక నేను. ఏదో గొడవనుకుని మా వెనక సగం సందు.

ఉప్పు కొట్టులో ఒకావిడ అప్పటికే గుప్పెడు ఉప్పు ఎత్తింది.

“ఆపవే! చెయ్యి దించు!” రొప్పుతూ గంపకి అడ్డం నిలబడింది పెద్దమ్మ. “తప్పు నాది, రొయ్యలది కాదు. పదిహేను రోజులుగా నాకు వాసన తెలియట్లేదు. వీడు వాగుతుంటే చెడిందనుకున్నా.”

సందులో అందరికన్నా పెద్ద మూకుడున్న వంటాయన ముందు తేరుకున్నాడు.

“పదిహేను రోజులా! మొన్న రెండు బస్సుల జనానికి వడ్డించాను తల్లీ!”

“ఎవరైనా పోయారా?”

“లేదనుకో. అయినా నీకో దండం. ఇక మా గంపలు మేమే చూసుకుంటాం.” గంప మీదికి వంగి దర్జాగా పీల్చాడు. “రొయ్యల వాసనే. మంచిదే.”

“కంపు కొట్టేంత రొయ్యల వాసనొస్తే అది నిన్నటిది,” అంది పెద్దమ్మ. “తల దగ్గర పీల్చు. తడి ఇసుకలా ఉందా, తడి గుడ్డలా ఉందా?”

ఆయన మళ్లీ పీల్చాడు. ఏదీ తేల్చలేకపోయాడు. ముప్పై ఏళ్లుగా ఆమె ముక్కుని నమ్ముకుని సొంత ముక్కుకి పని చెప్పినవాళ్లే లేరక్కడ. ఉప్పు చేతి ఆవిడ ఆయన్ని పక్కకి నెట్టి వంగింది.

“ఇసుక,” అంది. “తడి ఇసుకే.”

“ఘాటేమైనా తగులుతోందా?”

“లేదక్కా.”

“అయితే ఊఁ.”

మూకుడాయన సణుగుతూనే గంప అందుకున్నాడు. పెద్దమ్మ మూగోడి వైపు తిరిగి, “ఇందాక ఏదో చెప్పబోయావు. ఇప్పుడు చెప్పు,” అంది. అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు. “ఆడపిల్ల,” అన్నాడు. అంతే. మిగతాది ఆమెకి చెప్పలేదు.

రెండు దుకాణాలవాళ్లు ఆ రోజు నుంచే ఆమె దగ్గర ఆగడం మానేశారు. మిగతావాళ్లు ఆగుతున్నారు. వాళ్లు పీలుస్తారు, ఆమె ప్రశ్నలడుగుతుంది. ఒక్కో గంపకి ఇదివరకటికన్నా చాలాసేపు పడుతోంది.